ఎవరన్నారో చెప్పని పుస్తకం

నా మేనకోడలు రాసిన వ్యాసంలో ఒక వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. వ్యాసం ఇంగ్లీషులో ఉంది. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఈ రచయిత గొప్పతనమంతా పాఠకుడి మీద ఆయన చూపించే దయలో ఉంది, ఏ మాట ఎవరిదో, ఏ ఆలోచన ఎవరిదో అడుగడుగునా చెబుతాడు, మనల్ని ఎక్కడా తప్పిపోనివ్వడు.

మళ్ళీ చదివాను. అచ్చుతప్పు కాదు. తరువాతి పేజీల నిండా అదే వాదన.

ఆ నవల నాకు తెలుసు. నెల్లూరులో పత్రికలో చేరిన కొత్తలో రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. వదిలేసింది కూడా సరిగ్గా ఏ మాట ఎవరిదో చెప్పనందుకే. కథ అంటూ పెద్దగా ఉండదు. పొద్దున బజారుకని బయల్దేరిన ఒక మనిషి మధ్యాహ్నం భోజనానికి రాడు. ఇంట్లో అతని తల్లి, భార్య, అక్క అన్నం వండి మూతపెట్టి కూర్చుంటారు. సాయంత్రం దాకా అంతే. ఆ ముగ్గురి మనసుల్లో తిరిగే మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. మధ్యలో పేర్లుండవు, కొటేషన్ గుర్తులుండవు, ‘అంది’, ‘అనుకుంది’ అన్నవి అసలే ఉండవు. తెలుగులో గొప్ప నవలల మాట వచ్చినప్పుడల్లా దీని పేరు చెబుతారు. చెప్పేవాళ్ళలో సగం మంది చివరిదాకా చదివి ఉండరని నా అనుమానం.

అలాంటి పుస్తకం గురించి మా పిల్ల ‘మనల్ని తప్పిపోనివ్వడు’ అని రాసింది. మూడు ప్రతులు బైండు చేయించి పుదుచ్చేరి కాలాపేటలోని విశ్వవిద్యాలయంలో ఇచ్చేసింది. ఒక ప్రతి బయటి ఊరి పరీక్షకురాలికి చేరిపోయింది. సోమవారం వైవా. ‘స్పెల్లింగులు ఏమన్నా తప్పుంటే చెప్పు మామా, అడిగితే తడుముకోకుండా ఉంటా’ అని నాలుగో ప్రతిని నా ఒళ్ళో పడేసి వెళ్ళింది. ఆ రోజు శనివారం.

మా ఇళ్ళలో తెలుగు నోట్లో ఉంటుంది, కంట్లో ఉండదు. ఎన్ని తరాల కిందట ఈ పుదుచ్చేరికి వచ్చామో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో పోట్లాడుకున్నా, దేవుడికి దండం పెట్టుకున్నా తెలుగే. బళ్ళో మాత్రం తమిళం, ఇంగ్లీషు. నేను ఉద్యోగం కోసం నెల్లూరు వెళ్ళాను కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చాయి. నా భార్యది ఆ వైపే కాబట్టి ఆమెకు పుట్టుకతోనే వచ్చాయి. నా చెల్లెలికి రావు, చెల్లెలి కూతురికి కూడబలుక్కునే నాలుగు అక్షరాలు తప్ప రావు. ఎం.ఏ. చివరి ఏడాదిలో పరిశోధన వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు, గైడుగా ఉన్న తమిళ ప్రొఫెసరు ‘మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, ఒక తెలుగు నవల తీసుకో’ అన్నాడట. మా పిల్ల సరేనంది. మాట్లాడడం వచ్చా అని అడిగాడే గాని చదవడం వచ్చా అని అడగలేదు. ఇదీ చెప్పలేదు. నేరుగా సారం అనే పేటలో ఉన్న మా ఇంటికి వచ్చి, ‘నువ్వు చదువు అత్తా, నేను ఇంటా’ అంది.

మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకున్నాక మా ఆవిడ ఫోను ముందు పెట్టుకుని గట్టిగా చదివేది. పిల్ల ఆ రికార్డులు చెవిలో పెట్టుకుని కాలాపేట బస్సులో పోతూ వస్తూ వినేది. నవల మొత్తం అలా విన్నది. మంచి ఏర్పాటే అనుకున్నాను నేను.

అల్మారాలోంచి పుస్తకం తీశాను. వ్యాసంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు వాక్యాలను ఒక్కొక్కటే పుస్తకంతో సరిచూశాను. పుస్తకంలో ఇలా ఉంది: ఇంకొంచెం సేపు చూద్దాం మూత తీయొద్దు వేడి పోతే పోనీ. వ్యాసంలో ఇలా ఉంది: ‘ఇంకొంచెం సేపు చూద్దాం, మూత తీయొద్దు, వేడి పోతే పోనీ,’ అనుకుంది కోడలు. పుస్తకంలో కోడలు లేదు. ఇంకో చోట చూశాను. ‘అంది ఆడబిడ్డ’ అని ఉంది వ్యాసంలో. పుస్తకంలో ఆడబిడ్డ లేదు. ‘తల్లి తనలో తాను గొణుక్కుంది’ అని ఉన్న చోట తల్లీ లేదు, గొణుగుడూ లేదు.

పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ మునగాకు దూస్తోంది.

“ఈ కోడలు ఎవరు?”

“ఏ కోడలు?”

చూపించాను. కళ్ళజోడు పైకి జరుపుకుని చదివి నా మొహంలోకి చూసింది.

“భర్త కోసరం కూచోనుండేది కోడలు కాక ఇంకెవురు?”

“పుస్తకంలో కోడలని యాడుంది?”

“లేకపోతే ఏంది? ఎవురు అనిందో చెప్పకుండా చదివితే బిడ్డకి యాడ అర్థమవద్ది? రాసినాయన మరిచిపోయినాడు, నేను చెప్పినా.”

“పుస్తకమంతా అట్టనే చదివినావా?”

“అంతా. ఊరికే కష్టం కష్టం అంటారు గాని, కష్టం ఏముంది ఇందులో? ఇంట్లో ఆడోళ్ళ మాటలే కదా.”

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను నెల్లూరులో ఇల్లు చూసుకునేదాకా నా భార్య ఇక్కడ మా అమ్మ దగ్గరే ఉండేది; నెల్లూరు నుంచి తెలుగు వారపత్రిక పోస్టులో వచ్చేది. మధ్యాహ్నం మా అమ్మ, పక్కింటి ఆడవాళ్ళు చాప పరుచుకుని కూర్చుంటే కొత్త కోడలైన మా ఆవిడ అందులోని సీరియల్ చదివి వినిపించేది. మా అమ్మకు వాక్యం పూర్తయ్యే ఓపిక ఉండేది కాదు. ‘ఎవురు అనింది?’ అని అడిగేది. ప్రతి మాటకూ అడిగేది. చదివేవాళ్ళు అన్నదెవరో వెతుక్కుని చెప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. కొన్నాళ్ళకు మా ఆవిడ అడగకముందే చెప్పడం నేర్చుకుంది. మా అమ్మ పోయింది, వారపత్రిక ఆగిపోయింది, అలవాటు నిలిచిపోయింది. ఈ రోజుకీ మా చెల్లెలికి పేపరు చదివి వినిపించేటప్పుడు, అందులో లేని ‘అని మంత్రి అన్నాడు’ నాలుగు చోట్ల వచ్చి చేరుతుంది.

తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నా ఉద్యోగమూ అదే కదా. డెస్కులో చేరిన మొదటి వారమే నేను రాసిన వార్తను చీఫ్ సబ్ఎడిటర్ నా మీదికి విసిరి, “ఎవరన్నారయ్యా ఇది? గోడ అందా?” అని అడిగాడు. అప్పటి నుంచి పదవీ విరమణ దాకా, మాట కనిపిస్తే దాని పక్కన మనిషి ఉన్నాడా లేడా అని చూడడమే నా పని. మనిషి లేని మాట పేపర్లోకి పోకూడదు. ఆ కళ్ళతోనే ఈ నవల తెరిచి మూసేశాను.

“చెప్పబాకండి దానికి,” అంది మా ఆవిడ. “ఎల్లుండే కదా. ఉండే ధైర్యం పోతాది.”

“వచ్చే ఆమె తెలుగావిడ. పుస్తకం చేతిలో పెట్టుకుని వస్తాది.”

ఆకు దూసే చేతులు ఆగాయి. “అయితే నా వల్ల సీటు పోతాదా?”

సీటంటే ఎం.ఏ. తరువాత పీహెచ్.డి.లో సీటు. వైవా బాగా జరిగితే ఈ ఏడు జాబితాలో పేరు పంపుతానని గైడు మాటిచ్చాడు. బాగా జరక్కపోతే ఏమిటన్నది వాళ్ళ నాన్న ఎప్పుడో తేల్చేశాడు. సేదరపేటలో ఆయనకు తెలిసిన ఒక కంపెనీ ఆఫీసులో ఖాళీ ఉంది. ‘ఇంత చదివింది చాలు, ఇది దాటకపోతే అక్కడ చేరిపో’ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కూతురు ఏడాదిగా ఒకే పుస్తకం గురించి మాట్లాడుతుంటే ఏ తండ్రైనా అదే అంటాడు.

సాయంత్రం చెల్లెలూ మేనకోడలూ వచ్చారు. పిల్ల చెప్పులు విడుస్తూనే నా మొహం చూసింది.

“ఏంది మామా? తప్పులు శానా ఉండాయా?”

పుస్తకాన్నీ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి చెప్పాను. తెలుగు అక్షరాలు దానికి కూడబలుక్కుంటే తప్ప రావు. అయినా వేలుపెట్టి ‘కోడలు’ ఉండాల్సిన చోటును వెతికింది. ఆ పంక్తిని, పై పంక్తిని, కింది పంక్తిని వెతికింది.

“లేదు,” అంది.

“లేదమ్మా.”

“ఒక్క చోట గూడా?”

“నేను చూసినంత వరకు లేదు.”

వ్యాసం మూసేసింది. తరువాత నవ్వింది గాని అది నవ్వు కాదు. “అంటే నేను రాసిందంతా అత్త నవల మీద.”

“ఒళ్ళు బాగలేదని చెప్పేయ్ మే, తేదీ మార్పిస్తారు,” అంది మా చెల్లెలు.

“సుమ్మా ఉండమ్మా నువ్వు,” అని తమిళం కలిపి తల్లి నోరు మూయించి, అత్త వైపు తిరిగింది. “నన్ను అవ్వ అనుకున్నావా అత్తా? అవ్వకి చదివినట్టు నాకు చదివినావా? నేను గొప్ప అని రాసింది ఆయన్ని కాదు, నిన్ను. పోయి ఎక్స్‌టర్నల్‌కి నీ ఫోటో చూపించేదా?”

మా ఆవిడకు మాట పడడం అలవాటు లేదు. ఈ ఇంట్లో ఆమెను ఎవరూ అలా అనలేదు, మా అమ్మ కూడా. లేచి లోపలికి వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఇయ్యి ఆ పుస్తకం. ఇప్పుడు ఉండేది ఉండేట్టు చదువుతా.”

ఆ సాయంత్రం కొంత, ఆదివారం పొద్దున్నుంచి మిగతాదీ చదివింది. ఇంత కష్టమైన పని ఆమె ఎన్నడూ చేసి ఉండదు. ఒక మాట అయ్యాక నోరు దానంతట అది తెరుచుకునేది, పేరు పెదవుల దాకా వచ్చేది, మింగేది. మొదట్లో ఆ ఖాళీల్లో మా చెల్లెలు దూరేది.

“ఎవురు ఇది?”

“తెలీదు.”

“తెలీకుండా ఎట్ట చదువుతా ఉండావు వదినా?”

“రాసిండేది చదువుతా ఉండా. నన్ను అడగబాక.”

ఆదివారం మధ్యాహ్నానికి మూత తీయొద్దన్న చోటికి వచ్చాం. మా ఆవిడ చదివి ఆగింది. ఈసారి మా చెల్లెలు అడగలేదు. “అక్క మాట అది,” అంది.

“అక్కా? యాడన్నా ఉందా?” అంది మా ఆవిడ. “తల్లి మాట. వేడి పోతే పోనీ అని పెళ్ళామనదు, అక్కా అనదు. బిడ్డ వచ్చినాకే తినాలని తల్లే అనుకుంటాది.”

“నీకేం తెలుసు? అన్న రాకపోతే మా అమ్మ తినేసేది. నేనే కూచునేదాన్ని. అన్నను అడుగు.”

నన్నడిగితే నేను భార్య మాటే అనుకున్నాను. ఎందుకనుకున్నానో చెప్పలేను. నెల్లూరులో పేపరు పని ముగించుకుని నేను ఇంటికి చేరేసరికి మూత పెట్టిన గిన్నెల ముందు ఎవరు కూర్చుని ఉండేవారో నాకు తెలుసు, అంతే.

పిల్ల మా ముగ్గురినీ చూస్తోంది. “అత్తా, ఇప్పుడు తల్లి అంటా ఉండావే, రికార్డులో కోడలని ఎందుకు చెప్పినావు?”

మా ఆవిడ ఆ పంక్తిని మళ్ళీ ఒకసారి చూసుకుంది. “అప్పుడు ఎవురూ లేరు గదా ఇంట్లో. నేనొక్కదాన్నే చదువుకుంటా ఉండా. కోడలి మాట మాదిరి ఇనిపించింది.” కొంచెం ఆగి, “నేనూ కోడల్నే గదా,” అంది.

పిల్ల ఆ పేజీ మళ్ళీ చదవమంది. మళ్ళీ. మూడోసారికి తనూ గొంతు కలిపింది.

ఆ మధ్యాహ్నం నాకొకటి అర్థమైంది. కష్టంగా ఉన్నదంతా గొప్పది కాదు. నా బల్ల మీదికి వచ్చిన రాతల్లో అర్థం కానివి ఎన్నో ఉండేవి; వాటిలో చాలా వరకు రాసినవాడికే అర్థం కానివి. ఈ పుస్తకం అలాంటిది కాదు. ఆ ముగ్గురు ఆడవాళ్ళకూ ఏం జరిగిందో తెలియదు. మనిషి వస్తాడో రాడో తెలియదు. చదివేవాణ్ణి కూడా రచయిత ఆ తెలియకపోవడంలోనే కూర్చోబెట్టాడు. ఇది ఫలానా ఆమె మాట అని చెప్పేస్తే మనం బయట నిలబడి వాళ్ళను చూస్తాం. చెప్పకపోతే అన్నం ముందు మనమూ కూర్చుంటాం. పేపర్లో మనిషి లేని మాట పనికిరాదు, నిజమే. ఇక్కడ మాట ముందు వస్తుంది, దాని వెనక మనిషిని మనింట్లోంచి మనమే తెచ్చుకోవాలి. ఇది నవలకే చేతనవుతుంది గాని పేపరుకు చేతకాదు.

ఈ మాటలేవీ మేనకోడలికి చెప్పలేదు. చెబితే దానికి నేను ఇంకో రికార్డింగ్ ఇచ్చినట్టయ్యేది.

సోమవారం దానితో బస్సులో కాలాపేట వెళ్ళాను. దారి పొడుగునా అది కిటికీలోంచి చూస్తూ పెదవులు కదుపుతూనే ఉంది. వైవా గదిలో ఎవరైనా కూర్చోవచ్చన్నారు. వెనక కుర్చీలో కూర్చున్నాను. పరీక్షకురాలు వయసులో నాకన్నా కొంచెం చిన్నది, నెమ్మదైన మనిషి. ఆమె బల్ల మీద నవల ఉంది. పేజీల మధ్య చాలా కాగితపు ముక్కలు.

మొదటి ప్రశ్నలు ఇంగ్లీషులో, మామూలుగా సాగాయి. గైడు తల ఊపుతూ సంతోషంగా ఉన్నాడు. తరువాత ఆమె ఒక ముక్క ఉన్నచోట పుస్తకం తెరిచి, తెలుగులోకి మారింది.

“మీరు రాసిన ‘అనుకుంది కోడలు’ ఏ ముద్రణలో ఉందమ్మా? నా దాంట్లో లేదు. వెతికాను.”

పిల్ల గైడు వైపు చూసింది.

ఆమె పుస్తకాన్ని బల్ల మీదుగా ముందుకు జరిపింది. “ఇక్కణ్ణుంచి చదవండి.”

మేనకోడలు పుస్తకం తీసుకుంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. ‘ఇం’ అంది. ‘కొం’ అంది. గైడు ముందుకు వంగాడు. అప్పుడు అది పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

“నాకు చదవడం రాదు మేడమ్. మా అత్త చదివితే విని రాసినా. ఆ పేర్లు మా అత్త చేర్చినవి. శనివారం దాకా నాకు తెలీదు.”

గైడు మొహం ఎర్రబడింది. పరీక్షకురాలు మాత్రం ఏ మార్పూ లేకుండా, “అయితే ఈ నవల మీరు చదవలేదు,” అంది.

“నిన్న విన్నా.”

చెప్పమని ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. పుస్తకం వైపు చూడకుండా ఆ పేజీ మొత్తం చెప్పింది. మా ఇంటి యాసలో, అత్త గొంతు ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ. మూత దగ్గరికి వచ్చి ఊరుకుంది.

“ఎవరిది ఆ మాట?” అని అడిగింది పరీక్షకురాలు.

“మా ఇంట్లో ముగ్గురుంటే ముగ్గురూ ఒక్కొక్కరి పేరు చెప్పినారు మేడమ్. ఆయన చెప్పలేదు. చెప్పినాడని రాసింది తప్పు. చెప్పనందుకే గొప్ప అని రాయాల నేను. పేర్లతో విన్నప్పుడు వాళ్ళు ఎదురుచూస్తా ఉన్నారు, నేను బస్సులో పోతా ఉన్నా. నిన్న నేనూ ఎదురుచూసినా.”

పరీక్షకురాలు పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ పేజీలోని కాగితపు ముక్కను తీసి వేళ్ళ మధ్య తిప్పింది. “నేను ఎప్పుడూ తల్లిదనే అనుకున్నాను,” అంది. అది ప్రశ్నలా లేదు, మెప్పులా కూడా లేదు.

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. వరండాలో పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది, కూర్చోలేదు. గైడు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. కోపం పూర్తిగా దిగలేదు గాని గొంతు తగ్గించి మాట్లాడాడు. ముఖ్యమైన అధ్యాయం మళ్ళీ రాయాలి. అందాకా మార్కులు వేయరు. ఈ ఏడు జాబితాలో పేరు పంపడం కుదరదు. “ఆమె ఒక మాట చెప్పమంది,” అన్నాడు తమిళంలో. “లిపి నేర్చుకుని, తానే చదివి రాసి పంపితే తాను మళ్ళీ చదువుతానంది.”

వాళ్ళ నాన్న అనుకున్నట్టే సేదరపేట మాట ఎత్తాడు. పిల్ల కాదనలేదు. ఉద్యోగంలో చేరింది. కాకపోతే వచ్చే ఏడు జాబితా దాకానే అని ఆయన చేత ఒప్పించుకుంది. ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వస్తుంది, టీ తాగి పుస్తకం తెరుస్తుంది. అధ్యాయం ఇంకా రాయలేదు. చదవడమే పూర్తి కాలేదు. ఒక పేజీకి ఒక సాయంత్రం పడుతుంది.

నిన్న కూడా వచ్చింది. వేలు అక్షరం మీదుగా అక్షరం మీదికి నడుస్తోంది. గుణింతం దగ్గర తడబడి, వెనక్కి వచ్చి, మళ్ళీ పట్టుకుని ఒక వాక్యం పూర్తిచేసింది. మా చెల్లెలు గోడవారగా కూర్చుని వింటూ, “ఎవురు అది?” అంది.

మా ఆవిడ నోరు తెరిచింది. నా వైపు చూసింది. కొంగు అంచు పెదవులకు అడ్డం పెట్టుకుంది.

“తెలీదమ్మా. ఇను,” అంది పిల్ల తలెత్తకుండా. వేలు తరువాతి అక్షరం మీదికి జరిగింది.